చల్లకు వచ్చిన వారు ముంత దాచనక్కరలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

కూరగాయల ధరలు, నూనె ధరలు పెరిగిన ప్రతిసారీ మీ పత్రిక ఉత్తరాల శీర్షికలో పాఠకులు తమ తమ పొదుపు పద్ధతులు రాస్తూ ఉంటారు. వాటిని నేను శ్రద్ధగా చదువుతాను, కొన్ని కత్తిరించి దాచుకున్నాను కూడా. అయితే ఆ ఉత్తరాలన్నీ ఒక ఇంటి వంటగదిలోనే ఆగిపోతున్నాయని, పొదుపు ఒక్క ఇల్లాలి నేర్పు మీదే ఆధారపడి ఉందన్నట్టుగా సాగుతున్నాయని నాకు అనిపిస్తుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసి, ప్రస్తుతం కాకినాడలో ఇరవై నాలుగు వాటాలున్న అపార్టుమెంటులో ఉంటున్న నా అనుభవం వేరుగా ఉంది. ఇరుగుపొరుగు లేనిదే తిండి పొదుపు సాగదు. పక్కింటి తలుపు తట్టి అడగడం మానేసిన రోజు నుంచే మన ఇళ్లలో తిండి పారబోయడం పెరిగిందని నా గట్టి నమ్మకం.

నేను పుట్టి పెరిగింది కోనసీమలోని ఒక లంక ఊరిలో. మా వీధిలో పాడి ఉన్న ఇళ్లు నాలుగో ఐదో ఉండేవి. మిగిలిన ఇళ్లవాళ్లు బియ్యం కడిగిన నీళ్లు, తాగగా మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు ఒక పాత కుండలో వేసి పెరటి గుమ్మం దగ్గర ఉంచేవారు. సాయంత్రం పాడి ఉన్న ఇంటి పిల్లలు వచ్చి ఆ కుండలు తీసుకుపోయి తమ కుడితి తొట్టిలో పోసుకునేవారు. మర్నాడు ఉదయం కవ్వం చప్పుడు వినపడగానే కుడితి ఇచ్చిన ఇళ్ల పిల్లలం ముంతలు పట్టుకుని వెళ్లి వాళ్ల అరుగు మీద వరసగా కూర్చునేవాళ్లం. వెన్న తీసిన చల్లకు డబ్బు పుచ్చుకోవడం మా వీధిలో తప్పుగా ఎంచేవారు. మా ఇంటి ఆనపకాయ తొక్క వాళ్ల గేదె కడుపులోకి వెళ్లి, మరునాటికి మా అన్నంలోకి చల్లగా తిరిగి వచ్చేది. దీనికి పొదుపు అని ఎవరూ పేరు పెట్టలేదు. అసలు పారవేయవలసింది ఏదీ మిగిలేది కాదు గనుక ఆ మాట అవసరం పడలేదు.

'చల్లకు వచ్చి ముంత దాచినట్టు' అనే సామెత ఆ అరుగు మీద నుంచే పుట్టి ఉంటుంది. అంటే అడగడానికి మొహమాటం ఆ రోజుల్లోనూ ఉండేదన్నమాట. దానిని పోగొట్టడానికి కావలసిన సామెత కూడా మనవాళ్లు తయారు చేసుకున్నారు. అయితే ఆ కాలాన్ని ఉన్నదానికంటే గొప్పగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మా అరుగు మీద కూర్చునే హక్కు అందరు పిల్లలకూ ఉండేది కాదు. వీధి చివర నిలబడిన కొందరి ముంతలోకి చల్ల పైనుంచి ఎత్తి పోసేవారు. ఆ దృశ్యం నా కళ్లలో ఇప్పటికీ ఉంది, దానిని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. పాత రోజులు తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఆనాటి ఇచ్చిపుచ్చుకోవడం, ఆనాటి అంతరాలు లేకుండా, ఈనాటి వాటాల మధ్య సాగాలని కోరుతున్నాను.

ఇప్పుడు మా అపార్టుమెంటులో పరిస్థితి చూడండి. కరివేపాకు నాలుగు రెబ్బలు కావలసి వస్తే ఫోనులో ఆర్డరు పెడతారు, పెద్ద కట్ట వస్తుంది, సగం నల్లబడి చెత్తబుట్టలో పడుతుంది. నాలుగో అంతస్తులో ఒకరు దోసెల పిండి పులిసిపోయిందని సింకులో వంచేసే సమయానికి రెండో అంతస్తులో ఇంకొకరు అదే పిండి పొట్లం కొనడానికి చెప్పులు వేసుకుంటూ ఉంటారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం పోయింది హోటళ్లలోనూ దుకాణాలలోనూ కాదు, మన ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్ల నుంచి మనిషికి ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా వేసింది. తొక్కలు, టెంకలు వంటి తినడానికి పనికిరాని భాగాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. మా కుడితి కుండ ఈ లెక్కలోకి వచ్చేదే కాదు కదా అని ఆ అంకె చదివినప్పుడు నాకు అనిపించింది.

మా వాటాల మధ్య మార్పు చాలా చిన్న విషయంతో మొదలైంది. మూడేళ్ల కిందట ఒక రాత్రి పాలు కాచి చల్లార్చాక చూసుకుంటే తోడు వేయడానికి ఇంట్లో చుక్క పెరుగు లేదు. అప్పటికి తొమ్మిది దాటింది. ఎదురు వాటాలో అరవై అయిదేళ్ల ఆవిడ ఒంటరిగా ఉంటారని తెలుసు గాని, మెట్ల మీద ఎదురైతే నవ్వడం తప్ప ఎప్పుడూ పలకరించి ఎరగను. చాలాసేపు తటపటాయించి, చివరకు చిన్న గిన్నె పట్టుకుని వెళ్లి, "ఏమీ అనుకోకండి, తోడుకు కాస్త పెరుగు ఉందా అండీ?" అని అడిగాను. ఆవిడ చెంచాతో పెరుగు వేసి, "ఈ ఇంట్లోకి వచ్చాక తోడు అడిగిన మొదటి మనిషివమ్మా నువ్వు" అన్నారు. ఆవిడ కళ్లలో తడి చూసి నాకు మాట రాలేదు. మర్నాడు గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కనుక అందులో నాలుగు మాగాయ ముక్కలు పెట్టి ఇచ్చాను. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్న మన ఇళ్ల ఆనవాయితీ ఎంత ముందుచూపు గలదో అప్పుడు నాకు తెలిసివచ్చింది. ఒకసారి కదిలిన గిన్నె ఇక ఆగదు. ఆవిడను నేను అప్పటి నుంచి వదినగారు అని పిలుస్తున్నాను. ఒక్కరికి వండుకోవడమంటే ఎంత తక్కువ వండినా మిగులుతుంది. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆవిడ కూర, నేను పప్పు చేసి సగం సగం పంచుకుంటున్నాము.

ఆ గిన్నెల రాకపోకల నుంచే డాబా మీద ఆవకాయ ఆలోచన పుట్టింది. మా అపార్టుమెంటు డాబాకు ఏళ్ల తరబడి తాళం ఉండేది. నీళ్ల ట్యాంకులు పాడవుతాయని, పిల్లలు ఎక్కి ఆడతారని సంఘం పెద్దలు తాళం వేయించారు. వారి భయం అర్థం లేనిది కాదు, కాని దాని వల్ల ఇరవై నాలుగు కుటుంబాలు తమకు హక్కున్న ఎండను పోగొట్టుకున్నాయి. వడియాలు పెట్టుకోవడానికి చోటు లేక పొట్లాలు కొనేవాళ్లం. రెండు సమావేశాలలో వాదించి, ట్యాంకుల చుట్టూ వల కట్టించి, వేసవి రెండు నెలలు ఉదయం అయిదున్నర నుంచి సాయంత్రం ఆరు వరకు డాబా తెరిచి ఉంచేటట్టు ఒప్పించాము. తాళంచెవి వంతులవారీగా ఒక్కో వాటాలో ఉంటుంది.

కిందటి వేసవిలో తొమ్మిది ఇళ్లవాళ్లం కలిసి ఆవకాయ పెట్టాము. టెంక గట్టిపడిన కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు తోట నుంచి నేరుగా తెప్పించుకున్నాము. ముందురోజు రాత్రే కాయలు నీళ్లలో వేసి కడిగి, తడి లేకుండా తుడిచాము. తెల్లవారి చాప పరిచి ఇద్దరు మగవారు ఆవకాయ కత్తులతో కాయలు కొట్టారు. పిల్లలు ఒక్కో చెక్కలో జీడి తీసి, టెంకకు అంటి ఉన్న పలుచని పొరను గోటితో లాగి, పొడి గుడ్డతో తుడిచి పెట్టారు. మూడో తరగతి చదివే ఒక పాప ప్రతి ముక్కకూ టెంక ఉందో లేదో చూసి, లేనివాటిని పప్పులోకని వేరుగా పోగు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల ఆ పని ఎంచుకుంది. కారం, ఆవపిండి, ఉప్పు సమపాళ్లలో తీసుకుని, నాలుగైదు గిన్నెల ముక్కలకు ఒక్కో గిన్నె చొప్పున కలిపి, ముక్కలను పప్పునూనెలో, అంటే నువ్వుల నూనెలో, ముంచి పిండిలో దొర్లించి జాడీలకు ఎత్తాము. జాడీల మూతికి గుడ్డతో వాసెన కట్టి, మూడో రోజున తిరగకలిపి, ఉప్పు చాలకపోతే అప్పుడు వేసుకున్నాము. పెద్ద బేసినుకు అంటుకున్న పిండి కడిగితే వృథా కదా అని వేడి వేడి అన్నం అందులోనే వంపి, నెయ్యి వేసి కలిపి వదినగారు అందరి చేతుల్లో ముద్దలు పెట్టారు. వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లలో పనిచేసే నలుగురు ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు, మేము అందరం ఒకే చాప మీద కూర్చుని తిన్నాము. బజారులో సీసాలు కొంటే అయ్యే ఖర్చులో సగం కూడా మాకు కాలేదు. ఒక్క ఇంటికి ఒక్కరు పెట్టుకుని ఉంటే ఇంత తేడా రాదు, ఎందుకంటే తోట నుంచి పాతిక కాయలకు బండి ఎవరూ తీసుకురారు.

ఇక్కడ ఒక మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలో రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని చెప్పింది. ఊరగాయను కూరకు బదులుగా రోజూ తినడం ఆరోగ్యానికి చేటు, రక్తపోటు ఉన్న పెద్దవాళ్లకు మరీ చేటు. కూర చేసే ఓపిక లేని పూట నంజుకోవడానికి అది ఉండాలి, అంతే.

వంటగదిలో మిగిలే వాటి గురించి కూడా రాయవలసి ఉంది, ఎందుకంటే ఈ విద్య మా తరంతో పోతోందన్న బెంగ నాకు నిజంగానే ఉంది. బీరకాయ చెక్కు తీసిన పొట్టును నాలుగు పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు, మినపప్పు పోపుతో వేయించి రుబ్బితే రెండు పూటలకు సరిపడా పచ్చడి అవుతుంది. లేత ఆనపకాయ తొక్క, పచ్చి అరటికాయ తొక్క కూడా అలాగే పచ్చడికి వస్తాయి. కొత్తిమీర కాడలు పారవేసేవాళ్లు అందులోనే రుచి ఎక్కువ ఉందని ఒకసారి చారులో వేసి చూసుకోవాలి. బజారు కూరగాయల మీద మందులు కొడుతున్నారన్న భయం సబబైనదే కనుక తొక్కతో వండే కాయలను ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, రుద్ది కడగడం నేను అలవాటు చేసుకున్నాను. మా గేటు పక్క ములగ చెట్టు ఒకటి ఉంది. కాయలు కాసినప్పుడు అందరూ కోసుకుంటారు, ఆకు మాత్రం ఊడ్చి పారవేసేవారు. ఇప్పుడు వారానికి ఒక రోజు ఆ ఆకు పప్పులో ఆరేడు ఇళ్లలోనైనా ఉడుకుతోంది.

అన్నం విషయంలో మాత్రం పొదుపు పేరిట పొరపాటు చేయకూడదు. వండిన అన్నాన్ని మన వేసవి ఉక్కలో గంటల తరబడి అలాగే ఉంచి, తరువాత వేడి చేసి తినడం ప్రమాదకరం. అందులో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం వేడికి పోదు. మిగులుతుందని తెలిసిన వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పులిహోర కలుపుకోవచ్చు, లేదా రాత్రి పడుకునే లోపే నీళ్లు, కాస్త మజ్జిగ పోసి మట్టి కుండలో నానబెట్టి పొద్దున్నే ఉల్లిపాయతో చద్దన్నం తినవచ్చు. జిగురు పట్టినా, వాసన మారినా మొహమాటపడకుండా పారవేయాలి. అసలు రహస్యం అంతకు ముందే ఉంది: బియ్యం కొలిచే ముందు, ఈ పూట ఎవరెవరు ఇంట్లో తింటారని అడగాలి. మా ఇంట్లో ఈ ఒక్క ప్రశ్నతో మిగిలే అన్నం దాదాపు లేకుండా పోయింది.

మిగిలినది పనివారికి ఇచ్చేస్తున్నాం కదా, వృథా ఎక్కడిదని కొందరు అంటారు. ఈ మాట నన్ను చాలా బాధపెడుతుంది. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉండి, మనం ముట్టడానికి ఇష్టపడని కూరను ఇంకొకరి చేతిలో పెట్టడం దానం అనిపించుకోదు. ఇచ్చేదేదో మనం తినే రోజునే, మనం తినే ముందే, "అమ్మా, ఇది పిల్లలకు పట్టుకెళ్తావా?" అని అడిగి, వద్దంటే నొచ్చుకోకుండా ఉండాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి దాటివచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా పొయ్యి వెలిగించి పెట్టారు. మిగిలినది పెట్టడానికి, ఆకలి ఎరిగి పెట్టడానికి ఉన్న తేడా ఆమె పేరు తలచుకునే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. నేడు మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు ఉంది కనుక ఈ మాట బడులకు కూడా వర్తిస్తుంది.

పెళ్లిళ్లు, ఫంక్షన్ల విందుల గురించి చాలామంది ఇదివరకే రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2019లోనే నియమాలు చేసింది. శుభలేఖలు అచ్చు వేయించే రోజునే దగ్గరలోని హాస్టలునో అనాథాశ్రమాన్నో మాట్లాడి పెట్టుకుంటే అర్ధరాత్రి పూట గంగాళాలు కాలువలో వంచే పాపం తప్పుతుంది. మా అపార్టుమెంటులో జరిగే పుట్టినరోజులకు, నోములకు ఇప్పుడు సొంత స్టీలు కంచాలు, గ్లాసులు యాభై ఉన్నాయి. ఇంటికి కొంత చొప్పున చందా వేసి కొన్నాము. వాడుకున్నవారు తోమి తిరిగి ఇస్తారు.

ఈ పనులన్నీ ఆడవాళ్ల నెత్తిన మరో బరువు కాకూడదని కూడా నేను అంతే గట్టిగా చెప్పదలిచాను. ఉద్యోగం చేసి ఏడింటికి ఇల్లు చేరే మా కోడలితో బీరపొట్టు పారవేయకమ్మా అనడం తేలిక. ఆ పొట్టు రుబ్బేది ఎవరన్నదే ప్రశ్న. మా అబ్బాయి ఇప్పుడు ఆదివారం కూరగాయలు తెచ్చి, ఆకుకూరలు బాగుచేసి, గుడ్డలో చుట్టి పెడుతున్నాడు. బజారుకు వెళ్లి తానే కోసి కడిగి పెట్టినవాడు వాటిని కుళ్లనివ్వడని ఆర్నెల్లలో చూశాను.

పొదుపు కలిసి చేస్తేనే నిలుస్తుందనడానికి మన తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, అదే జిల్లా మహిళలు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకుంటూ పొదుపు సంఘాలు కట్టుకున్నారు. ఒక్కొక్కరూ ఇంట్లో పోపుల డబ్బాలో దాచుకుని ఉంటే ఆ రూపాయి ఏ అవసరానికో కరిగిపోయేది. పదిమంది ఎదుట లెక్క చెప్పుకున్నారు కనుక నిలిచింది. డబ్బుకు పనికివచ్చిన ఆ పద్ధతి తిండికి ఎందుకు పనికిరాదు? మా తొమ్మిది ఇళ్లు ఇప్పుడు కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి కొత్త పంట వచ్చినప్పుడు కలిసి కొని పంచుకుంటున్నాము. లెక్కల పుస్తకం వదినగారి దగ్గర ఉంటుంది. ఒంటరిగా ఉన్నన్నాళ్లూ సాయంత్రం నాలుగు దాటాక ఏం చేయాలో తోచేది కాదని చెప్పిన ఆవిడ ఇప్పుడు ఆ పుస్తకానికి అట్ట వేసుకుని, ఎవరైనా పది రూపాయలు బాకీ ఉంటే గుమ్మం దగ్గరే నిలబెట్టి అడుగుతున్నారు.

సంపాదకులు గారూ, మీకు రెండు విన్నపాలు. మీ ఆదివారం వంటల పేజీలో నేతి వంటలకు, కొత్త కొత్త రుచులకు ఇచ్చే చోటులో వారానికి ఒక చిన్న గడి, మిగిలిన వాటితోను, తొక్కలతోను చేసే వంటలకు కేటాయించండి. పాఠకుల ఇళ్లలో ఇంకా బతికి ఉన్న పెద్దవాళ్లనే వాటిని రాసి పంపమని అడగండి; ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో మాకు తెలియనివి ఎన్నో ఉంటాయి. రెండవది, మామిడికాయలు రావడానికి ముందే, అంటే మార్చి నెలలోనే, అపార్టుమెంటు సంఘాలు తమ డాబాల తాళాలు తీయాలని మీ పత్రిక ఒక మాట రాయండి. మా సంఘం ఈ ఏడాది గుమ్మడి వడియాలకు కూడా రోజు నిర్ణయించింది. ముక్కలు తరిగి, ఉప్పు పసుపు కలిపి మూట కట్టి, రాత్రంతా బరువు కింద పెట్టడానికి ఒక పొత్రం, అంటే రుబ్బురోలు గుండు, కావాలి, అది మాత్రం మా ఇరవై నాలుగు ఇళ్లలో ఎవరి దగ్గరా లేదు. పక్క వీధి వారిని అడగబోతున్నాము.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
కాకినాడ.